క్వారీలో దొరికిన ఆల్చిప్ప



ఈ నెల ఈ మాటలు వ్రాస్తున్నప్పుడు మా బల్లమీద ఒక రాయి ఉన్నది. అరచేతిలో పట్టేంత సున్నపురాయి. దానిలో సగము పూడుకొని, సగము బయటికి తేలి ఒక ఆల్చిప్ప కనబడుతుంది. కొవ్వూరు దగ్గర పంగిడి ప్రాంతపు నల్లరాతి క్వారీలనుండి ఇది వచ్చినది. మా సంఘ సహోదరుడు ఒకరు అక్కడ క్రషరు దగ్గర పని చేస్తారు. చాలా సంవత్సరముల క్రితము ఆయన దీనిని తువ్వాలులో చుట్టుకొని తెచ్చి, "అయ్యగారూ, సముద్రమెక్కడ, పంగిడి ఎక్కడ? కొండ కడుపులోకి ఇది ఎట్లా వచ్చిందండీ?" అని అడిగాడు.

మేము ఒక్క క్షణము కూడ ఆలోచించలేదు. ఇది నోవహు దినములనాటి జలప్రళయమునకు సాక్ష్యము అన్నాము. ఆ ఆదివారము ప్రసంగములో ఈ రాయిని పైకెత్తి చూపించాము కూడ. ముందు చాపలమీద కూర్చున్న పిల్లలు మెడలు చాచి చూశారు. వారిలో ఆ సహోదరుని కుమార్తె ఒకతె.

ఆ అమ్మాయి పెరిగి డిగ్రీలో భూగర్భ శాస్త్రము తీసుకున్నది. గత సంవత్సరము ఒక సాయంకాలము తండ్రి మా ఇంటికి వచ్చి, లోపలికి రమ్మన్నా రాక అరుగుమీదనే కూర్చున్నాడు. "పాప అయిదు నెలలనుంచి బల్లకు రావడం లేదండి. ఆరాధనకు వస్తుంది, బల్ల వేళకు లేచి బయటికి పోతుంది. అడిగితే చెప్పదు. మీరొకసారి మాట్లాడండి" అన్నాడు. మా మనస్సులో ఎన్ని తలంపులు వచ్చాయో కాపరులైనవారికి చెప్పనక్కరలేదు. ఏదో స్నేహము, ఏదో తప్పటడుగు అనుకున్నాము. ఆమె వచ్చి అడిగిన మొదటి మాట, "అయ్యగారండీ, మీరు చూపించిన ఆ రాయి ఇంకా ఉందా?" అని.

రాయి తెచ్చి ఇచ్చాము. ఆమె మా కీర్తనల పుస్తకము ఒకటి బల్లమీద పరచి, దానిమీద తెల్లని చేతిరుమాలు వేసి, ఆ పైన ఇంకొక కీర్తనల పుస్తకము పెట్టినది. "కింద ఉన్నది నల్లరాయి, అంటే గడ్డకట్టిన లావా. పైనున్నది కూడ లావాయే. మధ్య రుమాలు ఈ సున్నపురాయి. ఆల్చిప్పలన్నీ ఈ మధ్య పొరలోనే ఉన్నాయండి. కింది లావా ప్రవహించి చల్లారాలి. దానిమీదికి లోతులేని ఉప్పునీరు వచ్చి నిలవాలి. అందులో ఆల్చిప్పలు పుట్టి, పెరిగి, చచ్చి, వాటి మీద మళ్లీ వాటి పిల్లలు పెరగాలి. ఆ బురద రాయి కావాలి. తర్వాత ఇంకొక లావా వచ్చి అంతటినీ కప్పాలి. ఒక్క ఏడాది వరదలో ఇదంతా ఎట్లా అవుతుందండీ?"

మేము ఏదో చెప్పబోయాము. ఆమె ఆగలేదు. "మీరు పొరబడ్డారని కాదండి నా బాధ. ఇది నమ్మనివాడు బైబిలునే నమ్మనివాడని యౌవనస్థుల కూటములో మీరే అన్నారు. నేను క్వారీకి వెళ్లి కళ్లారా చూశాను. చూసినది కాదనలేను. మరి మీ మాట ప్రకారము నేను అవిశ్వాసినే గదా? అవిశ్వాసినై బల్లలో చెయ్యి వేయడము అబద్ధమాడినట్లని మానుకున్నాను."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ బిడ్డను బల్లకు దూరము చేసినది లోకము కాదు, కాలేజీ కాదు. మా ప్రసంగము.

అప్పటినుండి, సృష్టిని గూర్చిన ఆదికాండపు వృత్తాంతము విజ్ఞాన శాస్త్రమునకు పునాదిగా నిలుచునా అనే ప్రశ్నను మేము ఊరకే పుస్తకములలో చదువుకొనే ప్రశ్నగా చూడలేకపోయాము. వేదాంత డిప్లొమా చదివే దినములలో వ్రాసుకొన్న నోటుపుస్తకములను అటకమీదనుండి దింపాము. వాటిలో భూమికి ఆరువేల సంవత్సరములని ఎర్ర సిరాతో వ్రాసుకొని గీత గీసుకొన్నాము. ఆ లెక్క ఎక్కడిది? మీ తెలుగు బైబిలు మొదటినుండి చివరివరకు వెదకండి, ఆ లెక్క ఒక్క వచనములోను కనబడదు. ఐర్లాండు దేశములో అర్మా పట్టణపు ఆర్చిబిషప్పుగా ఉన్న జేమ్స్ అషర్ అనే మహా పండితుడు వంశావళులను, రాజుల ఏలుబడి సంవత్సరములను కూడి, సృష్టి క్రీస్తు పూర్వము 4004లో జరిగినదని 1650లో ప్రచురించాడు. 1701 నుండి ఇంగ్లీషు బైబిళ్ల అంచులలో ఆ తేదీలు అచ్చు వేయసాగారు. అంచున ఉన్నదానిని క్రమక్రమముగా జనులు వాక్యమే అనుకొన్నారు. అషర్‌ను మేము హేళన చేయము. తన కాలములో దొరికిన ఆధారములతో నిజాయితీగా లెక్క కట్టాడు. అయితే అది ఒక మనుష్యుని కూడిక.

మరి పంగిడి రాళ్ల వయస్సు శాస్త్రజ్ఞులకు ఎట్లా తెలిసినది? ఇది కూడ ఎవరో చెప్పిన మాటే గదా అని మన సంఘపెద్దలు అడుగుతారు, అడగవలసినదే. ఆమె మాకు చెప్పినట్లు చెబుతాము. రాతిలో పొటాషియము ఉంటుంది. దానిలో అతి కొద్ది భాగము ఒక ప్రత్యేకమైన రకము. ఆ రకము కాలము గడిచేకొద్ది తనంతట తాను మారిపోతుంది. కొంత కాల్షియముగాను, కొంత ఆర్గాన్ అనే వాయువుగాను మారుతుంది. అందులో సగము మారుటకు సుమారు 125 కోట్ల సంవత్సరములు పడుతుంది. లావా కరిగి మరుగుచున్నప్పుడు ఆ వాయువు ఎగిరిపోతుంది. గడ్డకట్టిన తరువాత మూత పెట్టిన కుండలోవలె లోపలే నిలుస్తుంది. గనుక ఎంత వాయువు పోగయినదో కొలిస్తే మూత పెట్టి ఎంత కాలమయినదో తెలుస్తుంది. అట్లు లెక్క చూడగా మన రాజమండ్రి, పంగిడి నల్లరాయికి సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరములని తేలినది. మహారాష్ట్ర వైపు కొండలలో ఉబికిన లావాయే నదీలోయల వెంట ఇంతదూరము పారివచ్చినదని భూగర్భ శాస్త్రజ్ఞులు అనేకులు తలస్తున్నారు. కొలతలో తప్పు ఉంటే ఇంకొకడు వచ్చి మళ్లీ కొలుస్తాడు, మొదటివాని మాట కొట్టివేస్తాడు. శాస్త్రము నడిచే విధానము ఇదే. ఇందులో ముందుగా సంతకము పెట్టవలసిన విశ్వాస ప్రమాణము లేదు.

ఈ చివరి మాట ఊరికే వ్రాయలేదు. అమెరికాలో 1963లో ఏర్పడిన సృష్టి పరిశోధన సంఘమొకటి, సభ్యులయ్యేవారు ఆదికాండపు వృత్తాంతము చరిత్రగా సత్యమని ముందే ఒప్పుకొని సంతకము చేయాలని నియమము పెట్టినది. ఫలితము ముందు వ్రాసుకొని తరువాత లెక్క చేసే విద్యార్థిని మన ఊరి లెక్కల మాస్టారు ఏమంటారో మీకు తెలుసు. అర్కాన్సా రాష్ట్రములో 1981లో బడులలో "సృష్టి శాస్త్రము" కూడ సమానముగా బోధించాలని చట్టము చేశారు. ఆ చట్టముమీద వ్యాజ్యము వేసినవారిలో మొదటి పేరు నాస్తికునిది కాదు, ఒక మెథడిస్టు పాదిరిది. మెథడిస్టు, ఎపిస్కోపల్, రోమన్ కతోలిక బిషప్పులు ఆయన పక్షమున నిలిచారు. 1982 జనవరి 5న న్యాయమూర్తి, ఇది శాస్త్రము కాదు, మతబోధయే అని తీర్పు చెప్పాడు. బిషప్పులు సృష్టికర్తను ఎరుగనివారు కారు గదా.

ఆదికాండము మొదటి అధ్యాయము ఏమి చెప్పుటకు వ్రాయబడినదో కొంచెము చూద్దాము. వెలుగు మొదటి దినమున, సూర్యుడు నాలుగవ దినమున. సూర్యుడు లేక ఉదయము అస్తమయము ఎట్లని ఆదివారపు బడి పిల్లలే అడుగుతారు. రెండవ అధ్యాయమునకు వస్తే వరుసే వేరు. మొదటి అధ్యాయములో చెట్లు, జంతువులు అయిన తరువాత నరుడు. రెండవ దానిలో నరుడు ముందు, తోట తరువాత, జంతువులు ఆ తరువాత. ఒకే గ్రంథములో ప్రక్కప్రక్కనే రెండిటిని ఉంచిన పరిశుద్ధులకు ఈ భేదము కనబడలేదా? కనబడినది. వారు అక్కడ తేదీలు వెదకలేదు. చుట్టుప్రక్కల బబులోనువారు సూర్యుని షమాషు అని, చంద్రుని సిన్ అని పిలిచి మ్రొక్కుచున్న కాలములో, ఈ అధ్యాయము వాటికి పేర్లైనను పెట్టక పెద్ద దీపము, చిన్న దీపము అన్నట్లుగా ఆకాశములో తగిలించి వదిలినది. మ్రొక్కవలసినవాడు ఎవరు, మ్రొక్కకూడనివి ఏవి అన్నది దాని విషయము. లావా ఎప్పుడు పారినదో దాని విషయము కాదు.

ఇది ఈ కాలపు క్రొత్త బోధ అని ఎవరైనా అంటారేమో. నాలుగైదు శతాబ్దములనాటి అగస్టీను భక్తుడు ఆదికాండముమీద వ్రాస్తూ, భూమ్యాకాశముల సంగతులు బాగుగా ఎరిగిన అవిశ్వాసి ఎదుట విశ్వాసి లేఖనముల పేరున అర్థములేని మాటలాడితే, నవ్వులపాలయ్యేది ఆ విశ్వాసి మాత్రమే కాదు, లేఖనములు అని హెచ్చరించాడు. పదహారు వందల సంవత్సరముల నాటి మాట, మా ప్రసంగమును చూసి వ్రాసినట్లుగా ఉన్నది. మన ప్రొటెస్టెంటు పితరుడు కాల్విను 1554లో ప్రచురించిన ఆదికాండ వ్యాఖ్యానములో ఇంకా తేటగా వ్రాశాడు. చంద్రునికంటె శనిగ్రహము పెద్దదని ఖగోళ శాస్త్రజ్ఞులు ఋజువు చేస్తున్నారు, మోషే సామాన్యుల కంటికి కనబడినట్లు చెప్పాడు, నక్షత్రముల విద్య కావలసినవాడు మరొక చోట నేర్చుకొనవచ్చును అని దాని భావము. ఇది చదివినప్పుడు మాకు సిగ్గు వేసినది. మా డిప్లొమా పాఠములలో కాల్విను ఉన్నాడు గాని ఈ పుట మేము తెరవలేదు.

ఇక ఒక తండ్రి కుమారుల సంగతి. 1836లో గ్రోవ్స్ దొరతో ఇండియాకు బయలుదేరి, తరువాత మన నరసాపురము ప్రాంతములో సేవ చేసిన బౌడన్, బీర్ దొరల కుటుంబములు ఏ సహోదరుల సహవాసమునుండి వచ్చాయో, ఫిలిప్ గాస్ కూడ ఆ సహవాసమువాడే. ఇంగ్లాండులో గొప్ప ప్రకృతి శాస్త్రజ్ఞుడు. సముద్రపు జీవులను గాజు తొట్టెలలో పెంచే పద్ధతిని జనులలో వ్యాపింపజేసినవాడు. వాక్యమంటే ప్రాణము. రాళ్లు చెప్పే వయస్సు ఒకవైపు, తాను నమ్మిన ఆరు దినములు ఒకవైపు లాగుచుండగా 1857లో ఒక పుస్తకము వ్రాశాడు. ఆదాముకు తల్లి లేకపోయినా బొడ్డు ఉండినది, ఏదెను చెట్లకు ఎన్నడు గడవని సంవత్సరముల వలయములు ఉండినవి, అట్లే దేవుడు భూమిని శిలాజములతో సహా పాతదిగా కనబడునట్లు సృజించాడు అని వాదించాడు. శాస్త్రజ్ఞులు ఒప్పలేదు. విశ్వాసులును ఒప్పలేదు. చార్లెస్ కింగ్స్లీ అనే పాదిరి ఆయనకు మిత్రుడే, అయినా దేవుడు బండలమీద అంత పెద్ద అబద్ధము వ్రాశాడని నమ్మలేనని ఉత్తరము వ్రాశాడు. పుస్తకము అమ్ముడుపోలేదు. అదే సంవత్సరము భార్య రొమ్ము క్యాన్సరుతో మరణించినది. ఏడేండ్ల కుమారుడు ఎడ్మండ్ ఆ ఇంటిలో ఆ తండ్రితో మిగిలాడు. ఆ కుమారుడు తండ్రి విశ్వాసమును విడిచి, 1907లో తమ ఇద్దరి కథను పుస్తకముగా వ్రాశాడు. ఆ ఒక్క వాదము వలననే విడిచాడని మేము అనము. ఇంటి కథలు అంత సులువు కావు. అయినను గాస్ సంగతి చదువుచుండగా మా అరుగుమీద కూర్చున్న తండ్రియే మా కళ్లకు కట్టాడు.

ఇంకొక మనుష్యుని గూర్చి చెప్పక మానలేము. స్కాట్లాండు ఫ్రీ చర్చి మిషనెరీ స్టీఫెన్ హిస్లప్ 1845లో నాగపూరుకు వచ్చాడు. బడి పెట్టాడు, వాక్యము చెప్పాడు, గోండుల భాషను, పాటలను వ్రాసిపెట్టాడు. సువార్త ప్రయాణములలో సుత్తి కూడ వెంట ఉండేది. నాగపూరు చుట్టుప్రక్కల శిలాజములను పోగుచేశాడు. మన రాజమండ్రి దగ్గర లావా పొరల మధ్య దొరికిన గవ్వలను కూడ పరిశీలించి, పేర్లు పెట్టి, 1860లో లండను భూగర్భశాస్త్ర సంఘపు పత్రికలో వర్ణించాడు. అంటే మా బల్లమీది ఆల్చిప్ప బంధువులను శాస్త్రలోకమునకు పరిచయము చేసినవారిలో ఒకడు మన వంటి సువార్తికుడే. 1863 సెప్టెంబరులో పూర్వకాలపు రాతి సమాధులను చూసి గుర్రముమీద తిరిగివస్తూ పొంగిన వాగులో పడి చనిపోయాడు. నాగపూరులో ఆయన పేర కాలేజీ నేటికిని ఉన్నది. ఆయన గవ్వలను కొలిచినప్పుడు ఆదికాండమును ప్రక్కన పెట్టి కొలవలేదు, గవ్వను చూసి కొలిచాడు. అయినను ఆదికాండము చెప్పే దేవునిని నమ్మినందుననే ఆ దేశమునకు వచ్చాడు. పంగిడి క్వారీ మా చేతి దూరములో ఉండగా, ఆయనను గూర్చి మాకు చెప్పినది ఒక డిగ్రీ పిల్ల. చెప్పుకొనుటకు కష్టముగానే ఉన్నది.

కొందరు ఇంకొక మాట అంటారు. సృష్టికర్తయందు విశ్వాసము లేకపోతే శాస్త్రమే పుట్టి ఉండేది కాదు, గనుక పునాది అదే అని. ఇందులో కొంత సత్యమున్నది. కేంబ్రిడ్జిలో 1874లో తెరచిన కావెండిష్ ప్రయోగశాల తలుపుమీద 111వ కీర్తన రెండవ వచనము లాటిను భాషలో చెక్కబడినది. మీ బైబిలు తెరచి ఆ వచనము చదువుకొనండి, ఎందుకు చెక్కారో తెలుస్తుంది. అక్కడ మొదటి ఆచార్యుడైన మాక్స్‌వెల్ స్కాట్లాండు సంఘములో పెద్ద. కొండ దేవుడు కాదు, దేవుడు చేసినది అని నమ్మినవాడు దానిని పగులగొట్టి చూచుటకు భయపడడు. అయితే అతిశయపడకూడదు. గ్రీకులు ఆదికాండము చదువకయే గ్రహణములను లెక్కించారు. మన దేశములో ఆర్యభటుడు 499లో భూమి తన చుట్టు తాను తిరుగుచున్నదని వ్రాశాడు. సూర్యుడు నీతిమంతులమీదను అనీతిమంతులమీదను ఉదయించినట్లే తెలివియు ఇవ్వబడినది. పరలోకపు తండ్రి ఎవరికి ఇచ్చాడో మనము హద్దు గీయలేము. విశ్వాసము వెదకుటకు పురికొల్పవచ్చును, జవాబును మాత్రము వ్రాసి ఇవ్వదు.

దీనికి ఎదురుదిక్కున కూడ ఒక గొయ్యి ఉన్నది. విశ్వమునకు ఒక ఆరంభమున్నదని శాస్త్రజ్ఞులు ఒప్పుకొన్నారు గదా, ఇదిగో ఆదికాండము ఋజువైనదని మన సభలలో చప్పట్లు కొడతారు. ఆ సిద్ధాంతమును 1927లోను, 1931లోను ముందుకు తెచ్చినవాడు బెల్జియము దేశపు గురువు జార్జ్ లెమైత్ర్. 1951 నవంబరులో పోపు పన్నెండవ పయస్ ఆ సిద్ధాంతము సృష్టి వాక్యమునకు సాక్ష్యమన్నట్లుగా ప్రసంగించినప్పుడు, సంతోషించవలసిన లెమైత్ర్ నొచ్చుకొన్నాడు. 1952లో ఖగోళ శాస్త్రజ్ఞుల మహాసభ ఎదుట పోపు మాట్లాడినప్పుడు ఆ మాట మళ్లీ అనలేదు. సిద్ధాంతములు రేపు దిద్దబడవచ్చును. వాటికి వాక్యమును కట్టివేస్తే అవి కదలినప్పుడెల్లా వాక్యము కదులుతుంది.

ఇదంతా మేము సంఘములో ఒక్క దినమున చెప్పలేదు. మొదట ఆ అమ్మాయి దగ్గరకు వెళ్లి, కూటములో మేమన్న మాట తప్పు అని చెప్పాము. ఆమె తండ్రి ఎదుటనే చెప్పాము. తరువాత యౌవనస్థుల కూటములో, అదే చోట నిలువబడి, చెప్పాము. ఆ శనివారము యౌవనస్థులు పన్నెండుగురు, మేము, క్రషరు లారీలో పంగిడి వెళ్లాము. ఆ అమ్మాయి కింది పొర చూపించినది, మధ్య పొర చూపించినది, పై పొర చూపించుటకు మెడ ఎత్తవలసి వచ్చినది. ఒక పిల్లవాడు మధ్య పొరమీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. మరుసటి నెల మొదటి ఆదివారము ఆమె బయటికి వెళ్లలేదు.

మా సంఘపు పెద్ద ఒకరు మాత్రము ఇంకా ఒప్పుకొనలేదు. వయస్సు డెబ్బది దాటినవాడు, మా పరిచర్యకు ఎంతో అండ. "అయ్యగారూ, ఆల్చిప్ప ఆదాముకు ముందే చచ్చిందంటే, పాపమునకు ముందే మరణమున్నదా? పౌలు ఏమన్నాడు?" అని నిలదీశాడు. ఆయన ప్రశ్న చిన్నది కాదు. రోమా పత్రిక అయిదవ అధ్యాయములో పౌలు మనుష్యుల మరణమును గూర్చి, ఆదామునుండి క్రీస్తువరకు మనుష్యుని సంగతిని గూర్చి మాటలాడుచున్నాడు, ఆల్చిప్పలను గూర్చి కాదు అని మేము చెప్పాము. ఆయన తల ఊపలేదు. రాయి మాత్రము అడిగి తీసుకొని వెళ్లాడు. మూడు వారములు ఆయన ఇంటిలోనే ఉన్నది.

ఈ ఉదయము వచ్చి దీనిని మా బల్లమీద పెట్టాడు. "నేను నోవహు అనే అంటానండి" అన్నాడు. గడప దాకా వెళ్లి వెనుకకు తిరిగి, "ఆ కింది నల్లరాయి ఒకసారి చూడాలి. మళ్లీ లారీ ఎప్పుడు పోతుంది?" అని అడిగాడు.